పాటిమన్ను మీద ఇల్లు

మా తెనాలి చుట్టుపక్కల ఇల్లు కట్టాలంటే ముందు మెరక వేయాలి. పునాది సంగతి ఆ తర్వాత. కొన్నది ఇంటి స్థలమని మనం అనుకుంటాం గానీ నిన్నటిదాకా అది వరిచేను, రోడ్డు కంటే నడుము లోతు పల్లం. నాలుగు వానలు పడితే కప్పలు మనకంటే ముందే గృహప్రవేశం చేస్తాయి. అందుకని ఎక్కడి నుంచో మట్టి తోలించి, నీళ్ళు పెట్టి, అది కుదురుకున్నాక దాని మీద ఇల్లు లేపుతాం. ఆ ‘ఎక్కడి నుంచో’ అన్నది ఎక్కడో ఎవరూ అడగరు. నేను తెలుసుకుని మరీ తోలించాను. నా కొంప అక్కడే మునిగింది.

మా స్థలం కొల్లిపర వెళ్ళే దారిలో ఉంది. మట్టి తోలే ట్రాక్టరతను వచ్చి, “బాబాయ్ గారూ, చెరువుమట్టి పోయమంటారా, పాటిమన్ను పోయమంటారా? భట్టిప్రోలు దాటాక, రేపల్లె వైపు ఒక దిబ్బ తవ్వుతున్నారండి. నల్లగా బూడిదలాగా ఉంటది. బంగారం అనుకోండి” అన్నాడు. పాటిమన్ను అంటే ఎప్పుడో పాడుపడిన ఊరి మన్ను. మనుషులు తరతరాలు కాపురాలు చేసి, పొయ్యిలు వెలిగించి, పశువుల్ని కట్టేసి, చివరికి ఎందుకో వదిలేసి పోయిన చోట మిగిలిన దిబ్బ అది. మా నాన్న ఎండాకాలంలో అలాంటి దిబ్బ నుంచే బండ్లకొద్దీ తోలించి చేలో చల్లించేవాడు. దాన్ని మించిన ఎరువు లేదనేవాడు. కుండపెంకులు కాళ్ళకు గుచ్చుకుంటే ఏరి గట్టు మీద పారేసేవాళ్ళం. అవి ఎవరి కుండలని ఏనాడూ అనుకోలేదు. రైతుబిడ్డని కదా, పాటిమన్ను అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి కింద ఏదైనా ఫరవాలేదు, పెరట్లోకి మాత్రం అదే పడాలన్నాను. రెండు రకాలు ఎవరు తోలతారని అతను మొత్తం స్థలానికి పాటిమన్నే పోశాడు.

నేను పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నోరులేని పేషెంట్లకు అలవాటుపడి, నోరున్న మనుషుల దగ్గర ఓపిక పోగొట్టుకున్నానని మా ఆవిడ అంటుంది. నిజమే కావచ్చు. ఈ ఇల్లు కట్టక ముందు ఊళ్ళో ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. మాకు ఒక్కతే కూతురు, హైదరాబాదులో కాపురం. తొలి కాన్పుకి ఆ అద్దె వాటాకే వచ్చింది. నెలలు నిండుతుండగా ఒక పొద్దున, కడుపులో బిడ్డ కదలడం లేదంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మగపిల్లాడు. ఏడవలేదు. ఎందుకలా అయిందో డాక్టరమ్మకీ తెలియలేదు. “ఒక్కోసారి ఇలా జరుగుతుందండి” అంది. ఆ మాట పాడిరైతులతో నేను ఎన్నోసార్లు అన్నాను. నాతో ఒకరు అనగా వినడం అదే మొదలు.

మా వాళ్ళలో పసిపిల్లలు పోతే కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు రారు. తువ్వాల్లో చుట్టిన ఆ బిడ్డని నేనే ఎత్తుకెళ్ళాను. అల్లుడు నా వెనక నడిచాడు. ఎక్కడ పెట్టొచ్చామో తల్లికి చెప్పకూడదని పెద్దవాళ్ళన్నారు. మా అమ్మాయి ఒకే ఒక్కసారి అడిగింది. నేను మాట మార్చాను. మళ్ళీ అడగలేదు.

మా ఆవిడకు డాక్టరమ్మ జవాబు చాలలేదు. అద్దె వాటాకి వీధిశూల ఉందని ఎవరో చెవిలో వేశారు. అలా పుట్టింది ఈ ఇల్లు. గుమ్మాలు, మెట్లు, నీళ్ళ తొట్టి, ఆఖరికి కుక్కరు పెట్టే గట్టు కూడా సిద్ధాంతి గారు చెప్పిన చోటే. నాకు వాటి మీద నమ్మకం లేదు. అయినా అడ్డం చెప్పలేదు. ఆమెకు ఎవరో ఒకరి మీద తప్పు మోపాలి. గోడల మీద మోపుకుంటే నాకేం పోయింది అనుకున్నాను.

ఇప్పుడు అమ్మాయికి రెండో కాన్పు, ఏడో నెల. ఆదివారం బయల్దేరి వస్తానంది. మా ఆవిడ వారం ముందే హడావిడి మొదలుపెట్టింది. బాలింతకి పెట్టే పథ్యం కూరల్లో మాకు బీరకాయ ముందుంటుంది. బజారు కాయలకు ఏ మందు కొట్టారో అని, కాన్పు నాటికి పెరట్లోనే కాయాలని, బీరపాదు పెట్టడానికి వంటింటి గోడ పక్కన పార పట్టుకుంది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. “ఏమండీ” అని ఒక్క పిలుపు వినపడింది. అందులోనే ఏదో తేడా ఉంది.

గోతిలో ఒక కుండ అడుగు, సగం పగిలింది. అందులో గట్టిపడిన మట్టి. ఆ మట్టిలోంచి సన్నటి ఎముక ఒకటి బయటికి కనిపిస్తోంది. తీసి బొటనవేలితో తుడిచాను. నా చిటికెనవేలు కంటే కాస్త పొడవు. తొడ ఎముక. దూడది కాదు. మేకపిల్లది కాదు. కుక్కది కాదు. ఇవన్నీ నేను కోసి చూసినవే.

“పశువుదేగా?” అంది మా ఆవిడ.

అవును, మేకపిల్లది అంటే అక్కడితో అయిపోయేది. నాకు నోరు రాలేదు. తువ్వాల్లో చుట్టినప్పుడు ఆ చిన్న కాళ్ళు నా అరచేతిలో ఉన్నాయి. అంత పొడవే. “చూడాలి” అన్నాను. పశువుల డాక్టరు ఎముక చేతిలో పెట్టుకుని చూడాలి అన్నాడంటే దానర్థమేంటో ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పార అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది.

ఇంటి కింద ఎముక ఉంటే దాన్ని శల్యం అంటారు. శల్యం ఉన్న ఇంట్లో బిడ్డలు నిలవరని ఒక మాట ఉంది. ఆ మాట ఉందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. ఆమె సిద్ధాంతి గారికి ఫోను చేసింది. ఆయన చాలా మర్యాదగా, ఇంటి లోపల కూడా నిలువెత్తు లోతు తవ్వించి ఆ మట్టి తీసేయాలమ్మా, వేరే దారి లేదు అన్నాడట. అంటే టైల్సు వేసిన గచ్చు పగలగొట్టాలి. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, ఫోను పెట్టేశాక.

“అమ్మాయిని ఈ గడప తొక్కనివ్వను” అంది ఆమె. “బాపట్లలో మా తమ్ముడింటికి పంపుదాం. మా మరదలు చూసుకుంటుంది.”

“డాక్టరమ్మ తెనాల్లో, పిల్ల బాపట్లలోనా? ఉన్నట్టుండి ఏదన్నా అయితే? క్రితంసారి గంట ఆలస్యమైందనే కదా ఇన్నాళ్ళూ ఏడ్చావు?”

“అయితే అది మనిషిది కాదని తెలిసినవాళ్ళ చేత చెప్పించండి. మీరు చెప్తే నమ్మను. మీ మొహం చూశాను.”

నాకు శల్యం మీద నమ్మకం లేదు. కానీ భయం వేసింది. నమ్మకం లేకుండా భయం ఎలా వస్తుందో నాకిప్పటికీ తెలియదు. మంచం మీద పడుకుంటే ఒంటి కింద గచ్చు, దాని కింద ఆ మట్టి గుర్తొచ్చేవి. అందులో ఇంకా ఎన్ని కుండలున్నాయో అనిపించేది. అమ్మాయి ఫోన్ చేసి, “నాన్నా, గొంతు అలా ఉందేంటి?” అంటే జలుబన్నాను.

బాపట్లలో నాకొక స్నేహితుడున్నాడు. ఇంటర్ రోజుల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నా ఆలోచన సులువైనదే. వాడి చేత ‘ఇది పశువు ఎముక’ అని మా ఆవిడకి ఫోన్లో చెప్పించడం. పాత గాజు సిరంజీలు పెట్టుకునే స్టీలు డబ్బాలో దూది పరిచి, ఎముక పెట్టి, పొద్దున పాసింజరు ఎక్కాను. ఎదురుగా కూర్చున్నావిడ నేను డబ్బాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకోవడం చూసి, “పైన పెట్టుకోకూడదా అన్నయ్యగారూ? కూర ఒలుకుద్దనా?” అంది. అవునన్నాను. బాపట్ల దాకా ఆవిడ ఆ డబ్బా వైపే చూస్తున్నట్టు అనిపించింది.

మావాడు మూత తీసి చూసి, వెంటనే పెట్టేశాడు.

“నీకు తెలిసిందే నన్ను చెప్పమంటావేంట్రా?”

“పశువుదని చెప్పు చాలు.”

“నీ పశువుల సంగతి నాకేం తెలుసు? నాకు పెంకులు తెలుస్తాయి. పెంకు తెచ్చావా?” అన్నాడు. తేలేదు. “మరి ఎందుకొచ్చావు? సరే, మోటుపల్లి పోతున్నా, కారెక్కు. దార్లో మాట్లాడుకుందాం.”

పీకల మీదకొచ్చి నేనుంటే వీడికి విహారయాత్ర. అయినా ఎక్కాను. స్టూవర్టుపురం దాటాం, చీరాల దాటాం. వాడు దారి పొడవునా ఓడల గురించే చెప్పాడు. ఈ తీరానికి రోము నుంచి సరుకులొచ్చేవట, అక్కడి నాణేలు మన ఇసుకలో దొరికాయట, ఇక్కడి నుంచి సన్నటి బట్టలు పోయేవట. నేను ఊఁ కొడుతున్నాను. ఊఁ కొట్టేవాడు ఉంటే చాలు వాడికి. మోటుపల్లిలో సముద్రం దగ్గర్లో ఒక పాత గుడి, దాని మండపంలో ఒక స్తంభం, దాని నిండా అక్షరాలు. కాకతీయుల రాజు వేయించిన శాసనం అన్నాడు. అంతకుముందు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళట. ఈ రాజు, ఇకనుంచి సుంకం తప్ప ఏమీ తీసుకోము, భయపడకండని మాటిచ్చి రాయి మీద చెక్కించాడట.

“దీన్ని అభయశాసనం అంటార్రా” అన్నాడు, స్తంభం మీద చెయ్యి వేసి.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. “తేల్చారా?” అంది మా ఆవిడ. “మా మరదలు గది సర్దుతోంది. ఏ సంగతో చెప్పమంటోంది.”

సముద్రం మీద వచ్చే ఎవరికో అభయం ఇచ్చిన రాజు ఉన్నాడు. నాకు ఒక అబద్ధం చెప్పిపెట్టమంటే నా స్నేహితుడే చెప్పడం లేదు. ఫోను వాడికిచ్చాను. వాడు, “చెల్లెమ్మా, మట్టి ఎక్కడిదో చూడకుండా ఏమీ చెప్పలేను. రేపు భట్టిప్రోలు వెళ్ళి చూసి చెప్తా” అని నా ఫోను నాకిచ్చాడు. నాకు వాణ్ణి అక్కడే కొట్టాలనిపించింది. సాయంత్రం రైలుకి ఇంటికొచ్చాను.

మర్నాడు నేను తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో భట్టిప్రోలులో దిగాను. వాడు అప్పటికే వచ్చి ఉన్నాడు. ముందు స్తూపం చూద్దామన్నాడు. వద్దంటే వింటాడా? కంచె లోపల గడ్డి, మధ్యలో గుండ్రటి ఇటుకల దిబ్బ. పెద్ద పెద్ద ఇటుకలు, ఒక్కోటి రెండు చేతులతో ఎత్తాలి. మిగిలింది ఇంతేనట. పూర్వం కాలువలూ రోడ్లూ వేసే రోజుల్లో ఇటుకలన్నీ పీకి పట్టుకుపోయారట. అంటే ఇది కూడా ఏదో రోడ్డు కింద మెరకైపోయిందన్నమాట.

“ఇంతా చేసి దీన్ని దేనికోసం కట్టారో తెలుసా?” అన్నాడు. “నడిమధ్యన రాతి పెట్టె. అందులో స్ఫటికం బరిణె. అందులో చిన్న ఎముక ముక్క. బుద్ధుడిదని నమ్మారు. ఆ ముక్క చుట్టూ ఇదంతా.”

నా చేతిలో స్టీలు డబ్బా ఉంది. ఎముక కింద ఉందని మా ఆవిడ ఇల్లు వదలమంటోంది. ఇక్కడ ఎముక ఉండాలనే కట్టారు. ఈ మాట ఆమెకు చెప్పొచ్చా అని ఆలోచించాను. చెప్తే నన్ను కూడా బాపట్ల పంపిస్తుంది. అయినా అక్కడున్నది మహానుభావుడి ఎముక. నా దగ్గరున్నది ఎవరిది? నాకు మళ్ళీ భయం మొదలైంది.

స్తూపం నుంచి ఆటోలో మట్టి తోలిన చోటికి వెళ్ళాం. అక్కడ దిబ్బ లేదు. చెరువంత గొయ్యి ఉంది. ఒక వైపు మాత్రం కోసిన కేకులా నిలువు గట్టు మిగిలింది. అందులో పొరలు పొరలుగా బూడిద, ఎర్రమట్టి, మళ్ళీ బూడిద. పొరల్లోంచి పెంకులు తొంగి చూస్తున్నాయి. పక్కనే రెండు ట్రాక్టర్లు నింపుతున్నారు. అలాంటి ట్రాక్టర్లు నేను ఇంకొకచోట కూడా చూశాను. ఆ సంగతి మావాడికి చెప్పలేదు.

మావాడు గట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొక్కి తొక్కి గట్టిపడిన నేల గీత ఒకటి చూపించాడు. “ఇది ఇంటి గచ్చురా. అలికిన నేల.” దాని కింద, గీతకి ఆనుకుని, ఒక కుండ మూతి గుండ్రంగా కనపడుతోంది. లోపల మట్టి. నేను తెచ్చిన పెంకు ఈసారి నా సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. వాడు దాన్ని ఆ కుండ పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే రంగు, ఒకే మందం.

“చెప్పరా” అన్నాను.

“పూర్వం కొన్నిచోట్ల పసిబిడ్డలు పోతే ఊరి బయటికి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. కుండలో పెట్టి ఇంట్లోనే, గచ్చు కింద పూడ్చుకునేవాళ్ళు. తవ్వకాల్లో కనపడ్డాయి. ఇక్కడా అంతేనా అంటే తవ్వకాలు చేసేవాళ్ళు చూసి చెప్పాలి, నేను చెప్పలేను.” ఆ కుండ మూతి వైపు చూస్తూ, “దూరంగా పంపడానికి మనసు రాలేదేమోరా ఆ తల్లికి” అన్నాడు.

నేను ఆ గట్టు పక్కనే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. పశువుల డాక్టరు గొయ్యి పక్కన కూర్చుని ఏడుస్తుంటే ట్రాక్టర్ల వాళ్ళు పని ఆపి చూశారు. మావాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. క్రితం కాన్పు సంగతి వాడికి తెలుసు. “చెల్లెమ్మకి ఏం చెప్పమంటావు?” అన్నాడు మెల్లగా. “పశువుదనే చెప్తాలే. నీ ఇష్టం.” రెండు రోజులుగా నేను అడుగుతున్నది అదే. తీరా వాడు సరేనన్నాక నాకు వద్దనిపించింది. ఎందుకో ఆ మాట అనడం ఆ పిల్లకి అన్యాయం అనిపించింది. పిల్లో పిల్లాడో, అదీ తెలియదు.

తిరుగు రైల్లో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఉన్నాను. ఏదీ కుదరలేదు. తెనాలి స్టేషన్లో దిగి ఆటో ఎక్కి ఇంటి ముందు దిగాను. వరండా మెట్ల మీద మా అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన బ్యాగు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి కడుపు మీద. ఇవాళ ఆదివారం కాదు కదా అనుకున్నాను. లోపల గుమ్మం అవతల కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఏడుస్తోంది. ఇద్దరి మధ్యా గడప.

“బాపట్ల అత్తయ్య ఫోన్ చేసి, నీ గది సర్దాను, ఏసీ కూడా బాగు చేయించాం అంది” అని చెప్పింది అమ్మాయి. “ఏ గది అన్నాను. ఆమె కంగారుపడి పెట్టేసింది. ఆయన్ని రైలెక్కించమన్నాను. ఇక్కడికొస్తే అమ్మ లోపలికి రానివ్వడం లేదు. ఏంటి నాన్నా, నాకేమన్నా అయిందా? రిపోర్టుల్లో ఏదన్నా ఉంటే నాకు చెప్పకుండా దాస్తున్నారా?”

మేము గచ్చు గురించి భయపడుతుంటే అది తన కడుపు గురించి భయపడుతూ హైదరాబాదు నుంచి వచ్చింది. ఎంత చేతగాని మనుషులమో నాకప్పుడు తెలిసింది. పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

“నీకేం కాలేదమ్మలూ. నువ్వు బాగున్నావు. బిడ్డ బాగుంది.” ఆ తర్వాత మొత్తం చెప్పాను. పాటిమన్ను, బీరపాదు, కుండ, సిద్ధాంతి గారు, స్తూపం, దిబ్బ. గుమ్మం లోపల ఏడుపు ఆగింది. మా ఆవిడ కూడా వింటోంది. గచ్చు కింద కుండ సంగతీ దాచలేదు. పశువుది కాదని కూడా చెప్పాను.

అమ్మాయి చెయ్యి చాపింది. డబ్బా ఇవ్వడానికి నాకు భయం వేసింది. “ముట్టుకోకే, తల్లీ” అని లోపలి నుంచి వాళ్ళమ్మ అరిచింది. అది వినలేదు. మూత తీసి, దూదిలో ఉన్నదాన్ని వేలితో తాకకుండా చాలాసేపు చూసింది. దాని మొహంలో భయం కనపడుతుందేమోనని నేను వెతుకుతున్నాను.

“నాన్నా, మన బాబుని ఎక్కడ పెట్టారు?”

మాట మార్చడానికి ఈసారి నా దగ్గర ఏ మాటా లేదు. “కొల్లిపర అవతల, కృష్ణ కరకట్ట కింద. ఒక తుమ్మచెట్టు ఉండేది, దాని మొదట్లో.”

“ఉండేదా?”

ఆ ఒక్క మాట దగ్గరే పట్టుకుంది. “తర్వాత ఒకసారి వెళ్ళానమ్మా. చెట్టు లేదు. అక్కడి మట్టి తోలుతున్నారు. ట్రాక్టర్లున్నాయి. మళ్ళీ వెళ్ళలేదు.”

ఈ సంగతి నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు. గుమ్మంలో ఎప్పుడు లేచి నిలబడిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. వీధిలో పాలవాడి బండి హారను కొట్టుకుంటూ పోయింది. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు నిండాయి గానీ ఏడవలేదు.

“అయితే వాడు కూడా ఎవరింటి కిందకో మెరకకి పోయుంటాడు” అంది. డబ్బా వైపు చూసి, “వాళ్ళకి కనపడితే ఏం చేస్తారో నాన్నా. గచ్చు పగలగొట్టి బయట పారేస్తారా?”

వాళ్ళమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీసింది.

అమ్మాయి డబ్బా మూత పెట్టి, మెట్టు మీద చెయ్యి ఊని బరువుగా లేచింది. నేను పట్టుకోబోతే వద్దంది. చెప్పులు విప్పి, వాళ్ళమ్మ నిలబడి ఉన్న గడప దాటి లోపలికి నడిచింది. ఆమె పక్కకి జరిగింది. ఆపలేదు. వంటింట్లోంచి పెరటి తలుపు తీసిన చప్పుడైంది. మేమిద్దరం వెనకే వెళ్ళేసరికి అది గోతి పక్కన ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి, డబ్బా నా చేతికిచ్చింది.

“కుండ ఉన్నచోటే పెట్టి మట్టి కప్పెయ్ నాన్నా” అంది. ఆ తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగింది. “అమ్మా, బీరపాదు ఇంకోచోట పెట్టుకో. ఇక్కడ తవ్వకు.”

మా ఆవిడ పార తీసి గోడకి ఆనించింది. నేను వంగి గోతిలో దూది పరిచి, ఎముకని దాని మీద పెట్టాను. మట్టి మా ఆవిడే చేత్తో కప్పింది.